ఒకే నీటిపై వేర్వేరు పడవలు: క్లబ్ హ్యాండికాప్ పందేలలో డింగీల గెలుపోటములు

తెరచాప పడవల క్లబ్బులో వారాంతపు పందేనికి వచ్చే డింగీలు, అంటే ఒకరిద్దరు నడిపే చిన్న తెరచాప పడవలు, సాధారణంగా ఒకే రకానివి కావు. ఒకరు ఒంటరిగా నడిపే ఐఎల్‌సీఏతో వస్తారు, ఇద్దరు కలిసి ఎంటర్‌ప్రైజ్ తెస్తారు, ఒక తండ్రీకూతుళ్లు చిన్న మిర్రర్‌ను నీటిలోకి దింపుతారు, వారి పక్కనే తెరచాప స్తంభం నుంచి దిగే ట్రాపీజ్ తీగకు వేలాడుతూ నడపవలసిన ఫైర్‌బాల్ నిలబడి ఉంటుంది. ఒకే కొలతలకు, ఒకే నియమాలకు లోబడిన పడవలన్నిటినీ కలిపి ఒక తరగతి అంటారు. ఒకే తరగతి పడవలు ఇరవై చేరితే ముందుగా గమ్యం దాటినవారే విజేతలు. ఒకే తరగతి పడవలు అన్ని కూడని చోట, వేర్వేరు తరగతులను ఒకే ప్రారంభ రేఖ మీద నిలబెట్టి, పందెం ముగిశాక సమయాలను సవరించి ఫలితం ప్రకటించాలి. ఈ సవరణకు వాడే అంకె, అంటే హ్యాండికాప్, ఎవరికి మేలు చేస్తుంది, ఎవరికి కీడు చేస్తుంది అన్నది క్లబ్బుల్లో ఎన్నటికీ తెగని వాదం. అంకె తప్పుగా ఉండటం వల్లనే ఈ వాదం పుడుతుందని చాలామంది అనుకుంటారు. అంకె పూర్తిగా సరైనదైనా ఒక రోజు పందెంలో ఒక తరగతికి అన్యాయం జరగవచ్చన్న సంగతి అంతగా చర్చకు రాదు.

బ్రిటన్‌లో ఈ లెక్కకు ఆధారం పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లలోనే రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని నేడు రాయల్ యాటింగ్ అసోసియేషన్ నిర్వహిస్తోంది. ఇందులో ప్రతి తరగతికీ ఒక అంకె ఉంటుంది. ఒకే దూరాన్ని వేర్వేరు తరగతులు ఎంతెంత సమయంలో దాటుతాయో ఆ అంకెల నిష్పత్తి చెబుతుంది. కాబట్టి అంకె ఎంత చిన్నదైతే పడవ అంత వేగవంతమైనది. పందెంలో పట్టిన సమయాన్ని వెయ్యితో గుణించి, ఆ తరగతి అంకెతో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది. ఇటీవలి జాబితాల్లో ఆప్టిమిస్ట్ 1630కి పైన, మిర్రర్ 1390 దరిదాపుల్లో, సోలో 1140 పైచిలుకు, ఐఎల్‌సీఏ 7 (అన్నిటికంటే పెద్ద తెరచాప కట్టిన ఐఎల్‌సీఏ) సుమారు 1100, మెర్లిన్ రాకెట్ 980, ఫైర్‌బాల్ 950 ప్రాంతంలో ఉన్నాయి. ఏటా సవరణ జరుగుతుంది కాబట్టి ఈ అంకెలు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటాయి.

సోలో అంకె 1142, ఐఎల్‌సీఏ 7 అంకె 1100 అనుకుంటే, సోలో సరిగ్గా గంటలో ముగించిన పందేన్ని ఐఎల్‌సీఏ 57 నిమిషాల 48 సెకన్లలో ముగించినప్పుడు ఇద్దరూ సమానం. అంటే గంట పందెంలో ఈ రెండింటి మధ్య తేడా రెండు నిమిషాల పైచిలుకే. ప్రారంభంలో అర నిమిషం వెనకబడి, ఒక బోయా (మలుపును చూపే తేలియాడే గుర్తు) దగ్గర గుంపులో చిక్కుకుని, ఒకసారి గాలి మళ్లడాన్ని గమనించకపోతే ఆ రెండు నిమిషాలూ కరిగిపోతాయి. అందువల్ల ఐదు పది అంకెల తేడా గురించి జరిగే వాదాల్లో చాలా భాగం పందెంలో అసలు కనిపించని తేడా గురించి జరుగుతాయి. పది అంకెలంటే సుమారు ఒక శాతం. గంట పందెంలో అర నిమిషం.

ఈ అంకెలను ఎవరూ కొలబద్దతో తయారు చేయలేదన్నది ముఖ్యమైన విషయం. క్యాటమరాన్ల (జంట అడుగుల పడవల) కోసం వాడే ఒక అంతర్జాతీయ పద్ధతిలో పొడవు, బరువు, తెరచాప వైశాల్యం వంటి కొలతల నుంచి సూత్రం ద్వారా అంకె రాబడతారు. పోర్ట్స్‌మత్ పద్ధతి దారి వేరు. క్లబ్బులు తమ పందేల ఫలితాలను పంపుతాయి. ఆ ఫలితాల్లో ఒక తరగతి మిగతావాటితో పోలిస్తే ఎలా నడిచిందో గణాంకాల ద్వారా తేల్చి అంకెను నిర్ణయిస్తారు. అంటే అంకెలో పడవ ఒక్కటే లేదు. ఆ పడవను సగటున నడిపేవారి నేర్పు, ఆ పడవలు సగటున తిరిగే నీరు, ఆ నీటి మీద సగటున వీచే గాలి, అన్నీ కలిసి ఉన్నాయి. ఒక్కొక్క తరగతి వేగం గాలిని బట్టి ఎలా మారుతుందో గీస్తే ఒక వంపు గీత వస్తుంది. హ్యాండికాప్ అంకె ఆ గీత మొత్తానికి ప్రతినిధిగా నిలబడిన ఒకే ఒక్క బిందువు. రెండు తరగతుల గీతలు సమాంతరంగా సాగితే ఏ గాలిలోనైనా న్యాయం జరుగుతుంది. అవి సమాంతరంగా సాగవు. ఎందుకు సాగవో అర్థమైతే, ఏ రోజు ఎవరు గెలుస్తారన్నది చాలావరకు ముందే ఊహించవచ్చు.

నీటిని చీల్చుకుంటూ సాగే పడవ తన వెంట ఒక అలను సృష్టించుకుంటుంది. ఆ అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు పడవ తాను పుట్టించిన గుంటలోనే ఇరుక్కుంటుంది. ఆపై ఎంత తోసినా వేగం అంత తేలిగ్గా పెరగదు. నాలుగు మీటర్ల పడవకు ఈ హద్దు గంటకు సుమారు తొమ్మిది కిలోమీటర్లు. హద్దు పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి పొడవు పెంచినా లాభం తక్కువ. మిర్రర్ పొడవు 3.3 మీటర్లు, ఫైర్‌బాల్ పొడవు 4.93 మీటర్లు. మొత్తం పొడవునే లెక్కలోకి తీసుకున్నా ఈ హద్దు దగ్గర రెండింటి వేగాల నిష్పత్తి 1.22 మాత్రమే. హ్యాండికాప్ పట్టిక మాత్రం ఫైర్‌బాల్ నుంచి 1.46 రెట్ల వేగాన్ని ఆశిస్తుంది. మిగిలిన తేడా అంతా ఎక్కడి నుంచి రావాలంటే, ఫైర్‌బాల్ ఆ అలను ఎక్కి దాటి, నీటి ఉపరితలం మీద జారుతూ పోవడం నుంచి రావాలి. దీన్నే ప్లేనింగ్ అంటారు. అది జరగాలంటే తగినంత గాలి ఉండాలి.

గాలి చాలా నెమ్మదిగా ఉన్న రోజున ఏ పడవా ఈ హద్దును సమీపించదు. అప్పుడు వేగాన్ని శాసించేది నీటికీ పడవ అడుగుకూ మధ్య రాపిడి. నీటిని తాకే వైశాల్యం తక్కువై, దానితో పోలిస్తే తెరచాప పెద్దదై, పైనున్న కాస్త గాలినీ అందుకునేంత ఎత్తు ఉన్న పడవ సాఫీగా కదులుతుంది. వెడల్పాటి, చదునైన అడుగుతో ప్లేనింగ్ కోసమే రూపొందిన పడవ అలాంటి రోజు నీటికి అతుక్కుపోయినట్టు ఉంటుంది. నడిపేవారు ముందుకు జరిగి వెనుక భాగాన్ని పైకి లేపడానికి తంటాలు పడతారు. వేగవంతమైన పడవ తన చిన్న అంకెకు తగిన ఆధిక్యాన్ని ఇలాంటి రోజు సంపాదించలేదు, నెమ్మది పడవలు ఫలితాల పట్టికలో పైకి వస్తాయి.

గాలి ఒక మెట్టు పెరిగి, తేలికైన పడవలు ప్లేనింగ్‌లోకి వెళ్లగలిగి, బరువైనవి ఇంకా తమ అల గుంటలోనే ఉన్న స్థితిలో పరిస్థితి పూర్తిగా తలకిందులవుతుంది. ఈ కొద్దిపాటి గాలి పరిధే అతి పెద్ద తేడాలను పుట్టిస్తుంది. కేవలం 30 కిలోల పడవతో 2014లో వచ్చిన ఆర్‌ఎస్ ఏరో వంటి తేలిక పడవలు, ట్రాపీజ్ ఉన్న జంట పడవలు అప్పుడు మిగతావాటిని వదిలి వెళ్లిపోతాయి. అయితే గాలి ఇంకా పెరిగితే ఇదే ధోరణి కొనసాగుతుందని అనుకోవడం పొరపాటు. బలమైన గాలిలో సోలో, మిర్రర్ వంటివి కూడా అడపాదడపా నీటి మీద జారుతాయి; శక్తి ఎక్కువైన పడవలు తెరచాపను వదులు చేసి గాలిని వృథాగా పోనిస్తాయి, తరచూ బోల్తా పడతాయి. ఒకసారి బోల్తా పడి లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడితే, పైన చెప్పిన సోలో, ఐఎల్‌సీఏల తేడా మొత్తం ఒక్క బోల్తాతో చెల్లిపోయినట్టే. కాబట్టి వేగవంతమైన తరగతికి గాలి పెరిగేకొద్దీ మేలు అనే మాట సగమే నిజం. మధ్యలో ఎక్కడో మేలు, రెండు చివరలా కష్టం.

ఈ ఒడుదుడుకులు పరాకాష్ఠకు చేరేది ఫాయిల్స్ మీద గాలిలోకి లేచే పడవలలో. ఇంటర్నేషనల్ మోత్ పొడవు 3.355 మీటర్లకు మించదు. నీటి అడుగున ఉండే చిన్న రెక్కల మీద లేచినప్పుడు అది పట్టికలోని దాదాపు ప్రతి డింగీనీ వెనక్కి నెడుతుంది, లేవలేని గాలిలో మాత్రం పట్టికలో తనకంటే ఎంతో కింద ఉన్న పడవల వెనక పాకుతుంది. ఈ రెండు స్థితుల సగటు తీసి ఒక అంకెగా రాస్తే, ఆ అంకె ఏ ఒక్క రోజుకూ సరిపోదు. లేచే పడవలను ఇతర డింగీలతో కలిపి హ్యాండికాప్ పందెం నడపకపోవడమే న్యాయమని ఈ వ్యాసం అభిప్రాయం. వాటికి ప్రత్యేక ప్రారంభం ఇవ్వడం ఏ క్లబ్బుకూ పెద్ద భారం కాదు.

గాలిని బట్టి అంకెను మార్చకూడదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. అమెరికాలో ఇదే పద్ధతికి చెందిన పట్టిక ఆ పని చేస్తుంది: బ్యూఫర్ట్ కొలమానంలోని గాలి స్థాయిలను కొన్ని వర్గాలుగా విడదీసి, ఒక్కొక్క తరగతికి సాధారణ అంకెతో పాటు ఆయా గాలులకు వేర్వేరు అంకెలు ఇస్తుంది. సూత్రప్రాయంగా ఇది మెరుగైన ఏర్పాటు. ఆచరణలో మాత్రం పందెం మొదలైనప్పటి గాలి ముగిసేటప్పుడు ఉండదు; చెరువు ఒక మూల చెట్ల నీడలో గాలి స్తంభిస్తే మరో మూల ఉధృతంగా వీస్తుంది. ఏ గాలి వర్గాన్ని వాడాలో పందెం అధికారి నిర్ణయించాలి, ఆ నిర్ణయమే ఫలితాన్ని మార్చవచ్చు. అంకె గురించిన వివాదం గాలి గురించిన వివాదంగా మారుతుంది. అయినప్పటికీ ప్రతి పందేనికీ గాలి స్థాయిని నమోదు చేసే అలవాటు ఏ క్లబ్బుకైనా అమూల్యమైనది. ఆ నమోదు లేకుండా ఏడాది చివర ఎవరి అంకె సరైనదని చర్చించడం చీకట్లో బాణం వేయడమే.

గాలి తర్వాత నీరు. ఎదురుగాలిలో తెరచాప పడవ నేరుగా పోలేదు. ఏటవాలుగా ఒక పక్కకు సాగి, ట్యాక్ చేసి, అంటే ముక్కును గాలి మీదుగా తిప్పి, మరో పక్కకు సాగాలి. చిన్న చెరువులో ఒడ్డు దగ్గరపడుతూనే ట్యాక్ చేయక తప్పదు కాబట్టి ఒక్కో చుట్టులో ట్యాకుల సంఖ్య పెరుగుతుంది. పొట్టి పడవ చటుక్కున తిరిగి వేగం అందుకుంటుంది. ట్రాపీజ్ పడవలో ప్రతిసారీ తీగ విప్పుకుని లోపలికి వచ్చి, అవతలి పక్కకు దాటి, మళ్లీ తగిలించుకుని బయటకు వాలాలి. పెద్ద నీటిలో నాలుగుసార్లు చేసే ఈ పనిని చిన్న నీటిలో పదిహేనుసార్లు చేయవలసి వచ్చినప్పుడు పట్టికలోని అంకె ఆ పడవకు భారమవుతుంది.

గాలివాటున పోయేటప్పుడు స్పిన్నకర్ (ముందు వైపు విప్పే ఉబ్బెత్తు అదనపు తెరచాప) రకం తేడా చూపుతుంది. ఆర్‌ఎస్ 200 వంటి కొత్త పడవల అసౌష్టవ స్పిన్నకర్ ముందుకు పొడుచుకొచ్చిన కర్రకు కట్టి ఉంటుంది. దానితో నేరుగా గాలివాటున పోతే ఫలితం ఉండదు, కొంత ఏటవాలుగా పోయి వేగం పెంచుకుని, ఎక్కువ దూరాన్ని ఎక్కువ వేగంతో పూడ్చుకోవాలి. మెర్లిన్ రాకెట్ తన సౌష్టవ స్పిన్నకర్‌తో తిన్నగా బోయా మీదికే పోగలదు. విశాలమైన జలాశయంలో మొదటి పద్ధతి వీగిపోదు, మంచి గాలిలో గెలుస్తుంది కూడా. నదిలోనో సన్నని చెరువులోనో ఏటవాలుగా పోవడానికి చోటే ఉండదు. థేమ్స్ నది మీద మెర్లిన్ రాకెట్‌కు ఉన్న ఆదరణ వెనుక ఈ గుణంతో పాటు దాని సన్నని, ఎత్తైన తెరచాప కూడా ఉంది. ఒడ్డున చెట్లున్నచోట గాలి పైనే ఉంటుంది. అదే నది మీద 19వ శతాబ్దం చివర పుట్టిన ‘ఏ-రేటర్’ అనే పడవలకు దాదాపు 13 మీటర్ల మాస్ట్ (తెరచాప స్తంభం) ఉండటానికి కారణమూ ఇదే. అవి డింగీల కోవకు చెందకపోయినా, నీరు పడవను ఎలా తీర్చిదిద్దుతుందో చూపడానికి అంతకంటే అందమైన ఉదాహరణ దొరకదు.

సముద్రతీర క్లబ్బుల్లో ఆటుపోట్లు మరో చిక్కును తెస్తాయి, దీన్ని గుర్తించేవారు తక్కువ. గంటకు నాలుగు నాటికల్ మైళ్లు పోయే పడవ, మూడు మైళ్లు పోయే పడవ ఉన్నాయనుకుందాం. వాటి అంకెలు 900, 1200 అయితే నిశ్చలమైన నీటిలో సరిగ్గా సమానం. ఒక మైలు పోయి ఒక మైలు తిరిగి రావడానికి మొదటిదానికి 30 నిమిషాలు, రెండోదానికి 40 నిమిషాలు పడతాయి. ఇప్పుడు గంటకు ఒక మైలు ప్రవాహం తోడైందనుకుందాం. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు అనుకూలం. ఎదురు తీసుకున్నది తిరుగుప్రయాణంలో ఇచ్చేస్తుంది కాబట్టి తేడా ఉండదని అనిపిస్తుంది. లెక్క వేస్తే వేగమైన పడవకు 32 నిమిషాలు, నెమ్మది పడవకు 45 నిమిషాలు పడతాయి. సవరించాక మొదటిది 35 నిమిషాల 33 సెకన్లు, రెండోది 37 నిమిషాల 30 సెకన్లు. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే నెమ్మది పడవ దాదాపు రెండు నిమిషాలు నష్టపోయింది. ఎదురు ప్రవాహంలో అది ఎక్కువ సేపు గడపడమే కారణం. ప్రవాహం బలపడేకొద్దీ, గాలి తగ్గేకొద్దీ ఈ నష్టం మరింత పెరుగుతుంది.

పందేన్ని నడిపే పద్ధతి కూడా తటస్థమైనది కాదు. నెమ్మది పడవల కోసం వేగమైనవి గట్టున ఎదురుచూడకుండా ఉండటానికి చాలా క్లబ్బులు సగటు చుట్టు పద్ధతిని వాడతాయి: ఎవరెన్ని చుట్లు పూర్తి చేసినా, ఒక చుట్టుకు పట్టిన సగటు సమయాన్ని లెక్కించి సవరిస్తారు. దీనివల్ల అందరూ దాదాపు ఒకే సమయంలో ముగిస్తారు, దాదాపు ఒకే గాలిని పంచుకుంటారు. ఈ పద్ధతి లేకుండా అందరూ ఒకే దూరం పోవాలంటే, ఫైర్‌బాల్ గంటలో ముగించిన పందేన్ని మిర్రర్ 88 నిమిషాల దాకా నడుపుతుంది. చివరి 28 నిమిషాల్లో గాలి పడిపోతే మిర్రర్ సంగతి ముగిసినట్టే. గాలి లేస్తే ఫైర్‌బాల్‌కు దక్కని బహుమతి మిర్రర్‌కు దక్కుతుంది. ప్రవాహం చెల్లాచెదురుగా ఉండే చోట గానీ, గాలి సాయంత్రానికి అణగిపోయే కాలంలో గానీ సగటు చుట్టు పద్ధతి తప్పనిసరి.

వెంబడించే పందెం దీనికి తిరగేసిన రూపం. నెమ్మది పడవ ముందుగా బయలుదేరుతుంది. మిగిలినవి తమ అంకెను బట్టి ఆలస్యంగా బయలుదేరుతాయి. నిర్ణీత సమయం ముగిసేసరికి ఎవరు ముందుంటే వారే విజేత. మిర్రర్ రెండు గంటలు నడిచే పందెంలో ఫైర్‌బాల్ దాదాపు 38 నిమిషాలు గట్టున నిలబడి చూడాలి. లండన్‌కు పడమరనున్న క్వీన్ మేరీ జలాశయంలో ప్రతి జనవరిలో జరిగే బ్లడీ మేరీ పందెం ఈ పద్ధతికి పేరుపొందినది. ఎవరు ఎక్కడున్నారో లెక్క అక్కరలేకుండా కళ్లకు కనిపించడం ఇందులోని ఆకర్షణ. అయితే ఆలస్యంగా వచ్చే వేగవంతమైన పడవలు చివరి భాగంలో వందలాది తెరచాపల మధ్య నుంచి దారి చేసుకోవాలి. ప్రతి తెరచాప వెనకా చెదిరిన గాలి ఒక నీడలా పరుచుకుని ఉంటుంది. ఒక పడవను దాటడమంటే ఆ నీడను దాటడం. మామూలు పందెంలో ఈ బాధ నెమ్మది పడవలది: ప్రారంభం కాగానే వేగవంతమైనవి వాటి గాలిని కోసుకుంటూ పైనుంచి పోతాయి. ఆపై ముందున్నవారికి స్వచ్ఛమైన గాలి దొరుకుతుంది, వెనకబడినవారు అన్ని నీడలూ భరిస్తారు. ఈ నష్టం సగటున అంకెల్లో కలిసిపోయే ఉంటుంది, కానీ పది పడవల పందేనికీ ఎనభై పడవల పందేనికీ అది ఒకే మోతాదులో ఉండదు.

అంకె సరైనదేనా అన్న పాత ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. విరివిగా నడిచే తరగతుల విషయంలో ఫలితాలు వేలల్లో చేరుతాయి కాబట్టి అంకె స్థిరంగా, నమ్మదగినదిగా ఉంటుంది. అరుదైన తరగతిని దేశమంతా కలిపి కొద్దిమందే నడుపుతుంటే, వారిలో ఇద్దరు నిపుణులైతే చాలు, అంకె పడవను కాక వారి నేర్పును కొలుస్తుంది. ఆప్టిమిస్ట్, టాపర్ వంటి పిల్లల తరగతుల సగటులో నేర్చుకుంటున్నవారే ఎక్కువ. ఆ సగటును దాటిన చురుకైన పన్నెండేళ్ల పిల్ల పెద్దల ఫలితాల పట్టికలో పైన కనిపిస్తే ఆ ఘనత ఆమెదే, ఆ పట్టిక లోపం కాదు. మెర్లిన్ రాకెట్, ఇంటర్నేషనల్ 14 వంటి తరగతుల్లో మరో సమస్య ఉంది. వీటి నియమాలు హద్దులనే నిర్దేశిస్తాయి, ఆకారాన్ని కాదు. ఆ హద్దుల్లోనే ఏటేటా కొత్త ఆకారాలు వస్తాయి. అంకె మాత్రం తరగతికి ఒకటే. నలభై ఏళ్ల నాటి కొయ్య పడవ కొత్తదాని అంకెతో పోటీపడితే ఓడటం ఖాయం. పాత పడవలకు వయసును బట్టి వెసులుబాటు ఇచ్చే క్లబ్బులు సరైన పనే చేస్తున్నాయి.

ఒకే పడవకు వేర్వేరు తెరచాపలు ఉన్నప్పుడు ఇంకో చిక్కు. ఐఎల్‌సీఏకు 7.06, 5.76, 4.7 చదరపు మీటర్ల తెరచాపలున్నాయి. ఒక్కొక్కదానికి వేరే అంకె. ఉదయం గాలిని చూసి తెరచాపను ఎంచుకోవచ్చంటే, బలమైన గాలి రోజున చిన్న తెరచాపతో పెద్ద అంకెను తీసుకుని దాదాపు అదే వేగంతో నడవవచ్చు. అదే స్వేచ్ఛ సోలో నడిపేవారికి లేదు. సిరీస్ అంతటికీ ఒకే తెరచాప అనే నియమం ఈ అసమానతను చాలావరకు తొలగిస్తుంది, అయితే తుఫాను గాలిలో తేలికపాటి వ్యక్తి భద్రత కోసం చిన్న తెరచాప కోరితే కాదనకూడదు. ఇక్కడ నియమం కంటే విచక్షణ మేలు.

జాతీయ పట్టిక ఒక ఆరంభ బిందువు మాత్రమేనని, తమ నీటికి తగినట్టు క్లబ్బులు అంకెలను సవరించుకోవచ్చని ఆ పద్ధతి తొలి నుంచీ చెబుతూనే ఉంది. బ్రిటన్‌లోని పెద్ద జలాశయాలలో జరిగే పందేల కోసం గ్రేట్ లేక్స్ అనే పేరుతో ప్రత్యేక అంకెలు ఏర్పడటం ఈ స్వేచ్ఛకు నిదర్శనం. ఉత్తర అమెరికా సరస్సులకూ దానికీ సంబంధం లేదు. చాలా క్లబ్బులు ఈ హక్కును వాడుకోవు. సొంత సభ్యుల అంకెను మార్చడమంటే పక్షపాతం ఆరోపణను కోరి తెచ్చుకోవడమేనన్న భయం అందుకు కారణం. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ చిన్న చెరువులో ట్రాపీజ్ పడవకు జాతీయ అంకెనే పట్టుకుని వేలాడటం కూడా ఒక నిర్ణయమే, దాని ఫలితం ఆ పడవలు క్రమంగా ఆ నీటి నుంచి కనుమరుగు కావడం.

అంకెను ముట్టుకోకుండానే చేయదగిన పని ఒకటుంది, అది మార్గాన్ని వేసేవారి చేతిలో ఉంది. ఎదురుగాలి దూరం, గాలివాటు దూరం, పక్కగాలి దూరం ఏ పాళ్లలో ఉన్నాయన్నదాన్ని బట్టి తరగతుల భాగ్యం మారుతుంది. పొడవైన పక్కగాలి దూరాలు ప్లేనింగ్ చేసే పడవలకు వరం. ఎదురుగాలి, నేరు గాలివాటు మాత్రమే ఉన్న మార్గం సౌష్టవ స్పిన్నకర్ ఉన్నవారికీ, అసలు స్పిన్నకరే లేని ఒంటరి పడవలకూ అనుకూలిస్తుంది. ప్రతి వారం ఒకే ఆకారంలో బోయాలు వేసే క్లబ్బు తనకు తెలియకుండానే ఒక తరగతిని ఏడాదంతా గెలిపిస్తూ ఉంటుంది. ఒక వారం త్రిభుజం, ఒక వారం నిడుపాటి మార్గం వేస్తూ, గాలి స్థాయిని, ప్రవాహాన్ని, పాల్గొన్న పడవలను నమోదు చేస్తూ పోతే, రెండు సీజన్లు గడిచేసరికి ఏ తరగతి ఎక్కడ పట్టిక కంటే ముందుందో, ఎక్కడ వెనకుందో ఆ క్లబ్బు సొంత లెక్కల నుంచే తేలుతుంది. అంకెను సవరించవలసి వచ్చినప్పుడు ఆరోపణలకు సమాధానంగా ఆ లెక్కలను సభ్యుల ముందు పెట్టవచ్చు.